పడమర హద్దు

మొన్న ఆదివారం ఊరి నుంచి ఫోను వచ్చింది. ఒకప్పుడు నాతో పాటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన మిత్రుడు. ఎండల గురించి, రొయ్యల ధర గురించి, కాలేజీకి వచ్చిన కొత్త యాజమాన్యం గురించి అరగంట మాట్లాడాడు. పెట్టేసే ముందు, "అన్నట్టు, మన దస్తావేజులాయన పోయారురా. పది రోజులైంది," అన్నాడు. సాయంత్రం దాకా నా భార్యకు కూడా చెప్పలేకపోయాను. ఆవిడ ఆయన్ని ఒక్కసారైనా చూసి ఎరగదు. అయినా సంగతి వినగానే పొయ్యి కట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆయన పేరు రాయను. రాయకపోవడానికి కారణం ఒకటుంది, అది దాని చోట చెబుతాను. మా ఊళ్ళో కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువే. మాది పాలకొల్లుకి బస్సులో అరగంట దూరం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు అరుగు మీద ఒక చాప, ఒక వాలుబల్ల, ఒక సిరాబుడ్డి, వాటి వెనక ఆయన. కళ్ళజోడుకి ఒక పక్క కాడ విరిగిపోతే దారం కట్టుకున్నారు. నేను ఎరిగిన అన్నేళ్ళూ ఆ దారం మార్చారు గాని కాడ వేయించలేదు.

మనుషుల్ని ఆయన పేర్లతో గుర్తుపెట్టుకునేవారు కాదు, హద్దులతో గుర్తుపెట్టుకునేవారు. బజారులో ఎవరైనా నమస్కారం పెడితే కళ్ళు సగం మూసి, "ఉత్తరం చెరువుగట్టు, దక్షిణం మీ పెదనాన్న గారి వాటా, మీరే కదండీ?" అనేవారు. ఒకసారి కడుపునొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఎక్కడ నొప్పి అని అడిగిన పాపానికి, తూర్పు పక్కటెముక, పడమర బొడ్డు, ఆ మధ్య ఖాళీలో అన్నారట. ఈ కథ డాక్టరే ఊరంతా చెప్పాడు. ఆయన దాన్ని ఖండించలేదు. హద్దులు చెప్పకపోతే డాక్టరుకి మాత్రం ఎలా తెలుస్తుందండీ అని అడిగేవారు.

ఇంకో అలవాటు, దస్తావేజులో సొమ్ము రాసే చోటికి వచ్చేసరికి కలం ఆపి, తల పైకెత్తి, "ఎంతండీ?" అనేవారు. కొన్నవాడు అసలు ధర చెప్పేవాడు. ఆయన వినిపించుకోనట్టు ఇంకోసారి, "ఎంతండీ?" అనేవారు. అప్పుడు వాడికి అర్థమై ప్రభుత్వ విలువ ఎంతో అంతే చెప్పేవాడు. ఆయన తృప్తిగా తలాడించి ముందు అక్షరాల్లో, తర్వాత అంకెల్లో రాసేవారు. మా వైపు అందరూ అంతే. ఐదు లక్షలకు కొంటే కాగితంలో రెండు ఉంటుంది. స్టాంపు ఖర్చు మిగులుతుంది, ఎవరి కళ్ళూ పడవు. ఇది తప్పని మా తాతకీ తెలియదు, మా నాన్నకీ తెలియదు, నాకూ తెలియదు. "తక్కువ రాయడం అబద్ధం కాదండి, అణకువ," అనేవారు ఆయన. ఎక్కువ రాయమంటే మాత్రం కలానికి మూత పెట్టేసేవారు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది నా వీసా కోసం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. నా భార్య అప్పటికే అమెరికాలో ఉంది. వాళ్ళమ్మ అక్కడ నర్సు, ఆ తల్లి ద్వారా పెళ్ళికి ముందే ఈవిడకు గ్రీన్‌కార్డు వచ్చింది. పెళ్ళయ్యాక ఒక్కసారి వచ్చి ఆరు వారాలు ఉండి వెళ్ళింది. పాప అక్కడే పుట్టింది. నా వంతు రావడానికి నాలుగేళ్ళు పడితే, వచ్చాక ఒక హామీ పత్రం దగ్గర బండి ఆగిపోయింది. భర్తని తీసుకెళ్ళే భార్య, ఇతన్ని నేను పోషిస్తాను, ప్రభుత్వం మీద భారం పడనివ్వను అని రాసివ్వాలి. రాసిచ్చేవాళ్ళకి ఇంత ఆదాయం ఉండాలి. నా భార్య వృద్ధాశ్రమంలో పని చేసేది, పాపని చూసేవాళ్ళు లేక సగం రోజు పనికి మారింది. దాంతో ఆదాయం తగ్గింది. నేను లేను కాబట్టి ఆవిడ సగం పని చేస్తోంది, ఆవిడ సగం పని చేస్తోంది కాబట్టి నేను వెళ్ళడానికి లేదు. దీన్ని ఎటు తిప్పి చూసినా నాకు ఒళ్ళు మండిపోయేది. వాళ్ళమ్మ ఇంకో ఊళ్ళో ఉండేది, పైగా అప్పటికే ఇద్దరు కొడుకులకు అలాంటి సంతకమే పెట్టి ఉంది. మూడో సంతకానికి ఆవిడ జీతం చాలదన్నారు.

మిగిలింది ఒకటే దారి. ఆదాయంలో ఎంత లోటు ఉందో దానికి ఐదింతల విలువ గల ఆస్తి చూపించాలి, అది వెళ్ళేవాడి ఆస్తి అయినా సరే. నాకు ఆస్తంటే ఒక్కటే. నేను చదువుకునే రోజుల్లో మా నాన్నగారు నా పేర కొన్న ముప్పై సెంట్ల స్థలం, రోడ్డు వార. లెక్క వేస్తే సరిగ్గా సరిపోయేలా ఉంది. ఆ రోజు నేను సైకిలు తొక్కుకుంటూ ఆయన అరుగు దగ్గరికి వెళ్ళిన తీరు చూసినవాళ్ళు నాకు లాటరీ తగిలిందనుకుని ఉంటారు.

ఆయన నన్ను చూసి కళ్ళు సగం మూశారు. "తూర్పు పంటబోదె, ఉత్తరం రోడ్డు, దక్షిణం కొబ్బరితోట. ముప్పై సెంట్లు. నా చేతి రాతే. ఆయ్, చెప్పండి మాస్టారూ." నాలుగు దిక్కుల్లో మూడే చెప్పారని నాకు అప్పుడు తట్టలేదు.

హామీ పత్రం సంగతి చెబితే ఆయన నమ్మలేదు. కాగితం చూపించి తెలుగులో చదివి చెప్పమన్నారు. ఒకసారి విని మళ్ళీ చదవమన్నారు. నలభై ఏళ్ళుగా అమ్మకాలు, పంపకాలు, వీలునామాలు, విడిపోయిన భార్యలకు మొగుళ్ళు రాసిచ్చే మనోవర్తి కాగితాలు రాసిన మనిషి. భార్య మొగుడికి అన్నం పెడతానని సర్కారుకి రాసివ్వడం ఆయన ఎక్కడా వినలేదు. "ఇది తిరగేసిన మనోవర్తండీ," అని చాప మీద నుంచి లేచి నిలబడ్డారు. జిరాక్సు షాపాయన్ని పిలిచి వినిపించారు. పక్క అరుగు మీద రాసుకుంటున్న లేఖరుల్ని పిలిచి వినిపించారు. అరగంటలో ఆ వీధికంతటికీ నా భార్య నాకు అన్నం పెడుతుందని తెలిసిపోయింది. నాకు సిగ్గేసింది గాని, ఆయన ఉత్సాహం చూస్తే కోపం రాలేదు.

ఆ నెల్లాళ్ళూ ఆయన నా పని తప్ప ఇంకో పని చేసినట్టు లేదు. స్థలం మీద అప్పు లేదని రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ తెప్పించారు. రాజమండ్రి నుంచి విలువ కట్టే ఇంజనీరుని నేను పిలిపిస్తే, ఆయన కూడా టేపు పట్టుకుని బోదె గట్టు మీద నడిచారు. ఇంజనీరు పన్నెండు లక్షలని రాసిచ్చాడు. అన్నిటికీ ఇంగ్లీషు తర్జుమాలు చేయించి, నోటరీ వేయించి, ట్యాగులు కట్టి నా చేతిలో పెట్టి, "కాగితానికి నోరుంది గాని కాళ్ళు లేవండి. జాగర్తగా మోసుకెళ్ళండి," అన్నారు.

చెన్నైలో అమెరికా వీసా ఆఫీసు కిటికీ వెనక ఆఫీసరు చిన్న వయసావిడ. పక్కన తెలుగు చెప్పడానికి ఒకాయన. ఆవిడ కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఈసీ దగ్గర ఆగింది. ఈసీలో స్థలం కొన్న ధర కూడా ఉంటుంది. రెండు లక్షలు. దాని పక్కన ఇంజనీరు పన్నెండు లక్షలు. ఏడేళ్ళలో ఇంత పెరిగిందా అని అడిగింది. పెరిగిందండీ అంటే సరిపోయేది. నేను సైన్సు మాస్టార్ని కదా, ఉన్నదున్నట్టు వివరించాలనే దురద. మా నాన్నగారు కొన్నది ఐదు లక్షలకి, మా వైపు అందరం కాగితాల్లో తక్కువే రాయిస్తాం అన్నాను. చిరునవ్వుతో అన్నాను. అదేదో మా ఊరి మర్యాద అన్నట్టు.

తెలుగాయన ఒక్క క్షణం నా వైపు చూసి తర్జుమా చేశాడు. ఆవిడ పెన్ను కింద పెట్టి అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మీ ఊళ్ళో రిజిస్ట్రారు ముద్ర ఉన్న కాగితంలో ఉన్నది నిజం కాకపోతే, మీరిచ్చిన మిగతా కాగితాలు నేను ఎందుకు నమ్మాలి?" ఆవిడ కోప్పడలేదు. ఒక చీటీ ఇచ్చింది. అక్కడి స్థలాలకు నిజంగా అంత ధర ఉందని వేరే రుజువు తేవాలి. రెండు నెలలు గడువు.

ఊరికి వచ్చి ఆయనకు చెప్పాను. ముందు తిట్టారు. అడిగితే మాత్రం ఎవరైనా చెప్పే మాటా అది, చదువుకున్నవాళ్ళకి నోరెక్కువ అన్నారు. తర్వాత ఈసీ చేతిలోకి తీసుకుని ఆ రెండు లక్షల మీద వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయారు. ఆ అంకె దస్తావేజులో ఆయన రాసిందే. మా నాన్నగారికి ఎంత మిగిల్చారో ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్న ఆ రెండు లక్షలు. "ఈ రోడ్డు పొడుగునా ఉన్న కాగితాలన్నీ నావేనండి. అన్నీ అణకువే," అన్నారు. ఆయన గొంతు అలా పలచబడటం నేను అదే మొదటిసారి వినడం.

నాకు దారి తోచింది. ఎవరో స్నేహితుడు నా స్థలం పన్నెండు లక్షలకు కొంటున్నట్టు ఒక ఒప్పందం రాసేస్తే పోయె. అమ్మేది లేదు, కొనేది లేదు, కాగితం ఉంటే చాలు. మాట పూర్తయ్యేలోపు ఆయన కలానికి మూత పెట్టేశారు. పాప ఫోటో జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. అది నా మొండితనం. బతిమాలడం రానివాడు చేసే పని. ఆయన ఫోటో చూశారు, కళ్ళజోడు తీసి దగ్గరగా పెట్టుకుని చూశారు. మూత మాత్రం తీయలేదు. నేను లేచి వచ్చేశాను. మూడు రోజులు ఆ వీధికే వెళ్ళలేదు. ఇరవై నెలల పిల్లకి తండ్రి కావాలా, నలభై ఏళ్ళు తక్కువ రాసినాయన నీతి కావాలా అని గదిలో ఒక్కణ్ణే గొణుక్కున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే ఆయనే మా ఇంటి ముందు నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. "రండి మాస్టారూ, మా ఇంటికి వెళ్దాం," అన్నారు. ఆయన ఇల్లు నేను అంతకుముందు చూడలేదు. వీధరుగు దాటించి, నడవ దాటించి, లోపలి గదిలో ఇనప్పెట్టె తెరిచి ఒక దస్తావేజు నా ఒళ్ళో పెట్టారు. రెండేళ్ళ కిందటిది. పది సెంట్లు, నాలుగు లక్షల రూపాయలు. ముందు అక్షరాల్లో, తర్వాత అంకెల్లో. తూర్పు హద్దు దగ్గర నా పేరు ఉంది.

నా స్థలానికి పడమర ఉన్న స్థలం ఆయనదే. అసలు ధరకు రాయించారు. స్టాంపు ఖర్చు మొత్తం కట్టారు. ఊరందరి చేతా తక్కువ రాయించినాయన! నేను దాన్ని రెండుసార్లు చదివి తల పైకెత్తాను. నాకు ముందు నవ్వు వచ్చింది. ఆయన నవ్వడం లేదు.

అమ్మినావిడ ఆయన చెల్లెలు. భర్త పోయాక, ఇద్దరు చిన్న పిల్లలతో రాజమండ్రిలో ఉండేది. పిల్లల చదువుల కోసం స్థలం అమ్ముతానంటే బయటివాళ్ళు బేరమాడి ఏడిపిస్తారని ఆయనే అప్పు చేసి కొన్నారు. రాసేవేళ అలవాటుగా కలం ఆగింది. ఎంతండీ అని అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు, చెల్లెలు తప్ప.

"నేనూ పోతాను, అదీ పోతుందండి. కాగితం ఉంటుంది. ప్రభుత్వ విలువ ప్రకారం లక్షని రాస్తే, రేపు ఆ పిల్లలు పెద్దవాళ్ళై దాన్ని తీసి చూసినప్పుడు, లక్షకే మేనమామ కొట్టేశాడని కాగితమే చెబుతుంది. కాదని చెప్పడానికి నేనుండను," అన్నారు. "మేనల్లుళ్ళు మంచివాళ్ళే. వాళ్ళు నన్ను అనుమానిస్తారని నేననుకున్నానని తెలిస్తే బాధపడతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆఫీసరు గారు అడిగితే అక్కడ చెప్పండి. ఈ ఊళ్ళో మాత్రం వద్దు."

పేరు రాయనన్నది ఇందుకే. మేనల్లుళ్ళు ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. ఇది చదివినా వాళ్ళు మరెవరి గురించో అనుకోవాలి.

కాగితం పెట్టెలో ఉన్నన్నాళ్ళూ రహస్యం. కానీ చెన్నైలో జిరాక్సు చెల్లదు, రిజిస్ట్రారు ముద్ర వేసిన నకలు కావాలి. నకలు తీయాలంటే అర్జీ పెట్టాలి, గుమాస్తా పాత పుస్తకం తెరవాలి, నలుగురూ చూడాలి. అర్జీ ఆయనే రాశారు, ఆయనే లోపలికి పట్టుకెళ్ళారు. మధ్యాహ్నానికల్లా వీధి గుప్పుమంది. పక్క అరుగుల లేఖరులు చుట్టూ చేరి, ఊరందరికీ అణకువ నేర్పి మీ ఇంటికి మాత్రం గొప్పలేంటండీ అని ఆటపట్టించారు. ఒకప్పుడు ఆయన చేత దస్తావేజులు రాయించుకున్న ఇద్దరు పాత పార్టీలైతే, ఎక్కువ రాస్తే ఏదో లాభం ఉండే ఉంటుంది, మాకెందుకు చెప్పలేదని నిలదీశారు. ఒక్క మాట చెబితే అందరి నోళ్ళూ మూతపడేవి. ఆయన చెప్పలేదు. టీ సాసరులో పోసుకుని, ఎప్పట్లాగే సగం తాగి వదిలేసి, "అప్పుడు బుద్ధి గడ్డి తిన్నదండి," అని ఊరుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. నా జన్మలో అంత కష్టమైన పని అదే. పాఠాలు చెప్పుకునేవాడికి తెలిసిన జవాబు చెప్పకుండా ఉండటం కన్నా శిక్ష లేదు.

రెండోసారి చెన్నై వెళ్ళాను. అదే కిటికీ, అదే ఆవిడ, అదే తెలుగాయన. నకలు తర్జుమా చదివింది. నా స్థలం పటం పక్కన పెట్టి హద్దులు పోల్చింది. సెంటుకి ఎంత పడిందో కాగితం అంచున లెక్క వేసుకుంది. అప్పుడు తలెత్తి, నేను అడుగుతుందనుకున్న ప్రశ్నే అడిగింది. అందరూ తక్కువ రాస్తారన్నారు కదా, మరి ఈయన ఎందుకు రాయలేదు?

ఈసారి సాగదీసి వివరించలేదు. "అమ్మింది ఆయన చెల్లెలండి, భర్త పోయినావిడ. పిల్లలు రేపు మేనమామని తప్పుపట్టకూడదని," అన్నాను. తెలుగాయన తర్జుమా చేశాడు. ఆవిడ ఆ నకలు మీద వేలు పెట్టి, ఇది చాలు అంది. సాయంత్రం నాలుగింటికి వచ్చి పాస్‌పోర్టు తీసుకెళ్ళమంది.

నాలుగింటికి సీలు వేసిన కవరు చేతిలో పడింది. రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి పరుగెత్తాను. నా భార్య నంబరు పదమూడు అంకెలు, రాసుకున్న చీటీ ఫైల్లో ఎక్కడో అడుగున ఉంది. జిరాక్సు షాపు నంబరు నోటికి వచ్చు. వేళ్ళు అదే నొక్కేశాయి. షాపాయన కేకేస్తే, ఆయన చాప మీద నుంచి లేచి వస్తున్న చెప్పుల చప్పుడు ఫోనులో వినిపించింది.

"వచ్చిందండీ," అన్నాను.

ఆయన మెల్లిగా, పక్కవాళ్ళకి వినపడకుండా, "మా చెల్లెలి సంగతి అడిగారా?" అన్నారు.

"అడిగారండి. చెప్పాను. నమ్మారు."

ఆయన ముక్కు చీదుకోవడం వినిపించింది. తర్వాత మామూలు గొంతుతో, "అమ్మాయి గారికి చెప్పారా?" అన్నారు. లేదండీ, ముందు మీకే అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"అదేం పనండీ మాస్టారూ. హామీ ఉన్నది ఆవిడ. పెట్టేయండి ముందు," అని ఆయనే ఠక్కున పెట్టేశారు.

చీటీ వెతికి నంబరు నొక్కాను. అక్కడ తెల్లవారుతోంది. పనికి బయల్దేరుతున్నట్టుంది, ఒకే రింగుకి ఎత్తింది. చెప్పాను. ఆవిడ గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపుకి పాప బెదిరి అందుకుంది. "దీనికి ఇస్తున్నాను, నువ్వే చెప్పు," అంది.

నేను నాన్నని, వస్తున్నాను అన్నాను. పాప ఏడుపు ఆపి వింది.